ఫాంటమ్ అవర్‌గ్లాస్ ఆడటం ఎలా: ముందు మ్యాప్, తర్వాతే కత్తి

అమెరికాలో ఉన్న అన్నయ్యో, సింగపూర్ వెళ్ళొచ్చిన బావగారో ఎప్పుడో పిల్లలకని తెచ్చిన నింటెండో డీఎస్ (చేతిలో పట్టుకుని ఆడే రెండు స్క్రీన్‌ల గేమ్ మెషీన్) మీ ఇంట్లో ఉంటే, దాన్ని పాత సామాన్లవాడికి వేసేయకండి. ఒక్క ఆట కోసమైనా అది ఉండాల్సిన వస్తువే. ఆ ఆట పేరు ఫాంటమ్ అవర్‌గ్లాస్. నింటెండో వాళ్ళ జెల్డా అనే సాహస ఆటల వరసలో 2007లో వచ్చింది. ఎయిజి అవోనుమా నిర్మాత, దైకి ఇవామోటో దర్శకుడు. అంతకుముందు టీవీకి పెట్టుకుని ఆడే గేమ్‌క్యూబ్‌లో వచ్చిన విండ్ వేకర్‌కి ఇది తరువాయి కథ. దెయ్యాల ఓడ ఒకటి టెట్రా అనే సముద్రపు దొంగల నాయకురాలిని ఎత్తుకుపోతుంది. లింక్ అనే కుర్రాడు సముద్రంలో పడి మెర్కే అనే దీవికి కొట్టుకొస్తాడు. అక్కణ్ణుంచి మనం నడిపించాలి.

విజయనగరంలో మా ఇంటికి సెలవులకి వచ్చే పిల్లలందరికీ ఈ ఆట నేర్పించేది నేనే. వాళ్ళు ఎక్కడ ఆగిపోతారో చూసి చూసి ఈ గైడు రాస్తున్నాను. చాలామంది దీన్ని కత్తి ఆటలా మొదలుపెట్టి, రెండో గంటకల్లా విసుగొచ్చి పక్కన పడేస్తారు. ఇది కత్తి ఆట కాదు, రాత ఆట. పై స్క్రీన్‌లో కనిపించే మ్యాపే మీ రఫ్ నోట్సు. దాని మీద రాసుకుంటూ పోయేవాళ్ళకి సులువు, రాయనివాళ్ళకి నరకం.

ఆట పెట్టే ముందు

మొదట ఛార్జర్ సంగతి. అమెరికా నుంచి వచ్చిన నింటెండో ఛార్జర్ వెనక చిన్న అక్షరాల్లో 120 వోల్టులు అని రాసి ఉంటుంది. జపాన్‌దైతే 100 వోల్టులు. మన ప్లగ్గులో వచ్చేది 230. ఫోన్ ఛార్జర్‌లా ఇది కూడా ఎక్కడైనా పనిచేస్తుందనుకుని నేరుగా పెడితే కాలిపోతుంది. డీఎస్ లైట్‌కీ, ఆ తర్వాత వచ్చిన త్రీడీఎస్‌కీ యూఎస్‌బీ కేబుళ్ళు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అది తెప్పించుకుని మామూలు ఫోన్ అడాప్టర్‌కి తగిలించుకోండి. డీఎస్ లైట్ పిన్ను వేరు, త్రీడీఎస్ పిన్ను వేరు. ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోండి.

మీ దగ్గర త్రీడీఎస్ గానీ టూడీఎస్ గానీ ఉన్నా డీఎస్ కార్ట్రిడ్జ్ అందులో ఆడుతుంది. బొమ్మ కాస్త సాగి మసగ్గా కనిపిస్తే, ఆట తెరిచేటప్పుడు స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకోండి. చిన్నదైనా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ కార్ట్రిడ్జ్‌కి దేశాల తాళం లేదు, అమెరికాది యూరప్ మెషీన్‌లోనూ నడుస్తుంది. ఇప్పుడు కొనాలంటే సెకండ్ హ్యాండే గతి, ఎందుకంటే డౌన్‌లోడ్‌గా అమ్మిన నింటెండో వీ యూ మెషీన్ ఆన్‌లైన్ దుకాణం 2023 మార్చిలో మూతపడింది. నకిలీ కార్ట్రిడ్జ్‌లు తిరుగుతున్నాయి. లేబుల్ మీద ఎన్‌టీఆర్ అని మొదలయ్యే కోడ్ ఉందో లేదో, అచ్చు తేటగా ఉందో లేదో చూసుకోండి. కొన్న రోజునే కాసేపు ఆడి, సేవ్ చేసి, ఆపి, మళ్ళీ తెరిచి చూడండి.

డీఎస్ స్క్రీన్ మన ఫోన్ స్క్రీన్ లాంటిది కాదు. ఫోన్ గాజు వేలిలోని విద్యుత్తుని పట్టుకుంటుంది. డీఎస్‌ది ఒత్తిడిని పట్టుకుంటుంది. అందుకే స్టైలస్ పోయినా మొన మొద్దుగా ఉన్న ప్లాస్టిక్ పుల్ల ఏదైనా సరిపోతుంది. బాల్ పెన్నుతో మాత్రం ఆడకండి, గీతలు పడితే పోవు. మొబైల్ షాపులో టెంపర్డ్ గ్లాస్ వేస్తామంటారు. వద్దని చెప్పండి. గాజు వంగదు, ఒత్తిడి కిందికి దిగదు. పల్చటి స్క్రీన్ గార్డ్‌ని కొలతకి కత్తిరించి అంటించమనండి. తర్వాత సెట్టింగ్స్‌లోకి వెళ్ళి స్క్రీన్ కాలిబ్రేషన్ చేసుకోండి. మీరు నొక్కిన చోట కాకుండా కాస్త పక్కన తగులుతుంటే ఈ ఆటలో పిచ్చెక్కిపోతుంది. మన వైపు ఉక్కపోత తెలిసిందేగా, మణికట్టు కింద జేబురుమాలు వేసుకుంటే చెమట స్క్రీన్‌కి అంటదు.

చెయ్యి అలవాటు చేసుకోవడం

స్టైలస్ ఎక్కడ ఆనిస్తే లింక్ అటు నడుస్తాడు. అతనికి దగ్గరగా ఆనిస్తే నెమ్మదిగా, దూరంగా ఆనిస్తే పరుగు. శత్రువు మీద ఒక్క పోటు పొడిస్తే ఎగిరి దూకి కొడతాడు. చిన్న గీత గీస్తే అటువైపు కత్తి విసురుతాడు. లింక్ చుట్టూ గుండ్రంగా గీస్తే గిర్రున తిరిగి నాలుగువైపులా కొడతాడు. సరదాగా ఉంది కదాని వరసగా గీసేస్తే కళ్ళు తిరిగి నిలబడిపోతాడు, శత్రువులకి పండగ. దొర్లాలంటే స్క్రీన్ అంచున చిన్నచిన్న సున్నాలు చుట్టాలి. ఇది మాత్రం ఆటలో అన్నిటికంటే మొండి పని. రాకపోయినా కంగారు పడకండి, దొర్లకుండానే ఆట మొత్తం ముగించొచ్చు.

చాలామందికి తెలియని సుఖం ఒకటుంది. ఎల్ లేదా ఆర్ బటన్ నొక్కి పట్టుకుంటే, పట్టుకున్నంతసేపూ చేతిలోని ఆయుధం బయటికొస్తుంది. వదిలేస్తే లోపలికి పోతుంది. ప్రతిసారీ మూలనున్న బొమ్మని తాకే అవసరం లేదు. కుడిచేతి వాటం వాళ్ళకి ఎడమ వేలు ఎల్ మీద ఉండిపోవాలి. ఎడమచేతి వాటం వాళ్ళకి ఆర్.

డాలు ఎవరూ ఊరికే ఇవ్వరు. మెర్కే దీవి దుకాణంలో కొనుక్కోవాలి. రూపీలు (ఆటలో వాడే డబ్బు) పోగవగానే మొదట కొనాల్సింది అదే.

బూమరాంగ్ వచ్చాక ఆట రుచి తెలుస్తుంది. స్టైలస్‌తో గాల్లో దారి గీస్తే అది ఆ దారెంటే పోయి వెనక్కొస్తుంది. స్తంభం చాటున ఉన్న స్విచ్‌ని అలా చుట్టి కొట్టొచ్చు. వెలుగుతున్న దివిటీ మీదుగా గీసి ఆరిపోయిన దివిటీ మీదకి తీసుకెళ్తే, నిప్పు అంటుకుంటుంది. సంక్రాంతికి వాకిలి నిండా మెలికల ముగ్గు వేసే మా మేనకోడలు దీన్ని మొదటి పూటే పట్టేసింది. చెయ్యి ఎత్తకుండా, ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపులో. మా అబ్బాయిలు గీతని ముక్కలు ముక్కలుగా లాగేవారు. ముక్కలు చేస్తే దారి తెగిపోతుంది. మెల్లగా గీసినా పరవాలేదు, చెయ్యి ఎత్తకపోవడమే ముఖ్యం.

మ్యాప్ మీద రాయడం

ఇక అసలు పాఠం. మ్యాప్‌ని కింద స్క్రీన్ మీదకి దించుకుని స్టైలస్‌తో రాయొచ్చు, చెరపొచ్చు. రాసింది ఆ దీవికి, ఆ అంతస్తుకి అలాగే ఉండిపోతుంది. మ్యాప్ దించినంతసేపు ఆట ఆగుతుంది కాబట్టి తొందరేమీ లేదు.

చోటు తక్కువ. వాక్యాలు రాయడానికి కుదరదు. అందుకని ముందే మీ గుర్తులు మీరు పెట్టుకోండి. మా ఇంట్లో వాడేవి ఇవి: తెరవలేని పెట్టెకి చిన్న డబ్బా, పగుళ్ళున్న గోడకి అడ్డగీత మీద చుక్క, అందని చోటికి ప్రశ్నార్థకం, పని అయిపోయినదానికి టిక్కు. పగుళ్ళ గోడ మొదట్లో కనిపిస్తుంది, పగలగొట్టే బాంబులు తర్వాతెప్పుడో వచ్చే గాలి గుడిలో గానీ రావు. అప్పటికి ఆ గోడ ఎక్కడుందో ఎవరికి గుర్తుంటుంది? గుర్తు పెట్టుకున్నవాళ్ళు నేరుగా వెళ్తారు. పెట్టుకోనివాళ్ళు దీవంతా మళ్ళీ తిరుగుతారు.

రాతిపలక గానీ బోర్డు గానీ కనిపిస్తే చదివి వదిలేయకండి. అంకె కనిపిస్తే అంకె రాయండి. మీటల వరస చెబితే ప్రతి మీట పక్కనా ఒకటి, రెండు, మూడు వేసుకోండి. కొన్ని చోట్ల పలకలు దూరం దూరంగా ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో ముక్క చెబుతుంది. విగ్రహాల మధ్య గీతలు కలపమంటే మ్యాప్ మీద నిజంగానే గీతలు గీయాలి. అవి ఎక్కడ కలిస్తే అక్కడే మీకు పని. మనసులో గీసుకుంటే చాల్లే అనుకున్నవాళ్ళు పది అడుగులు పక్కకి పోయి పారతో తవ్వుకుంటూ ఉంటారు.

ఆటలో మనకి పనికొచ్చే భాష ఇంగ్లీషే, తెలుగు లేదు. నాలుగో తరగతి పిల్లలకి పలకలు చదవడం కష్టం. పక్కన ఒక పెద్దవాళ్ళు కూర్చుని చదివి తెలుగులో చెబితే చాలు, జవాబు వాళ్ళే పట్టేస్తారు. చెప్పే పెద్దవాళ్ళు జవాబు కూడా చెప్పేస్తుంటారు. అదొక్కటే ఆపుకోవాలి.

జవాబు స్క్రీన్‌లో లేనప్పుడు

ఎంత వెతికినా దారి దొరక్కపోతే గుర్తుంచుకోండి: ఈ ఆటలో చేతిలోని మెషీన్ కూడా పజిల్‌లో భాగమే. మైకు ఉంది, మూత ఉంది, రెండు స్క్రీన్‌లు ఉన్నాయి. మూడింటినీ వాడుకుంటారు.

మైకు డీఎస్ లైట్‌కి మడత దగ్గర చిన్న బెజ్జంలా ఉంటుంది. మంటలు ఆర్పాలంటే దాంట్లోకి ఊదాలి. బన్నీ చెవుల్లాంటి పెద్ద చెవులున్న పోల్స్ వాయిస్ అనే జీవులు కత్తికి సరిగ్గా లొంగవు. అంత పెద్ద చెవులు ఎందుకిచ్చారో ఆలోచించి గట్టిగా అరవండి. టేబుల్ ఫ్యాన్ ఎదురుగా కూర్చుని ఆడకండి, మైకు పజిళ్ళ దగ్గర చికాకు పెడుతుంది.

కేనన్ దీవిలో ఎడ్డో అనే ముసలాయన ఉంటాడు. ఓడకి ఫిరంగి, తర్వాత సముద్రం అడుగునుంచి పెట్టెలు లాగే సాల్వేజ్ ఆర్మ్ అతని దగ్గరే కొనాలి. ఆ రెండోది కావాలా అని అడిగినప్పుడు ఎంత గట్టిగా అరిస్తే ధర అంత తగ్గుతుంది. మా మేనకోడలు మధ్యాహ్నం రెండింటికి హాల్లో నిలబడి గొంతు చించుకుని అరిచింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూసి, "ఏటైందమ్మా, పాముగాని వచ్చిందేటి?" అని అడిగారు. ఆవిడకి సంగతి చెప్పేలోపు ఎడ్డో ధర తగ్గించేశాడు. బస్సులో గానీ రైల్లో గానీ ఆడుతుంటే ఎడ్డో దగ్గరికి వెళ్ళడం ఇంటికొచ్చేదాకా వాయిదా వేసుకోండి. ఆమదాలవలస స్టేషన్లో దిగేలోపు అరవాల్సి వస్తే కంపార్ట్‌మెంటంతా మీవైపే చూస్తుంది.

మూత పజిల్ ఒక్కటే ఉంది, కానీ ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. పై స్క్రీన్‌లో ఒక ముద్ర, కింద స్క్రీన్‌లో సముద్రం మ్యాప్. ముద్రని మ్యాప్‌కి అద్దమంటుంది ఆట. స్టైలస్‌తో ఎంత గీకినా ఏమీ కాదు. కాసేపు మెషీన్ వైపు చూసి ఆలోచించండి. జవాబు మీరే కనుక్కోవాలనుకుంటే తర్వాతి పేరా వదిలేసి ముందుకెళ్ళండి.

మెషీన్ మూసేసి, మళ్ళీ తెరవాలి. పై స్క్రీన్ కింద స్క్రీన్‌కి తాకి ముద్ర పడినట్టు లెక్క. మూత లేని పలక లాంటి టూడీఎస్ అయితే నిద్ర స్విచ్‌ని ఒకసారి జరిపి వెనక్కి తెండి, అదే పని జరుగుతుంది.

సముద్రం మీద

లైన్‌బెక్ అనే పిరికి కెప్టెన్ ఆవిరి ఓడ మీద తిరుగుతాం. సముద్రం నాలుగు భాగాలు, ఒక్కో భాగం మ్యాప్ దొరికితేనే అటు వెళ్ళగలం. మ్యాప్ మీద దారి గీస్తే ఓడ ఆ గీత మీదే పోతుంది, మనకి ఫిరంగి పేల్చడం ఒక్కటే పని. దీవికి నేరుగా గీత గీయకండి. కాస్త ఒంపు తిప్పి, ఇంకా చూడని నీళ్ళ మీదుగా పోనివ్వండి. బంగారు కప్పలు గాల్లోకి ఎగురుతూ కనిపిస్తాయి, ఫిరంగితో కొడితే ఒక్కో కప్ప ఒక్కో గుర్తు నేర్పుతుంది. సైక్లోన్ స్లేట్ అనే పలక దొరికాక దాని మీద ఆ గుర్తు గీస్తే సుడిగాలి మిమ్మల్ని ఆ కప్ప దగ్గరికి ఎగరేసుకుపోతుంది. ఆ గుర్తులన్నీ చిన్న కాగితం మీద వేసి డీఎస్ కవర్లో పెట్టుకోండి. ఓడ భాగాలు సేకరించడం మాత్రం నా దృష్టిలో కాలక్షేపమే. గట్టి ఓడ కావాలంటే తప్ప దాని వెనక పడొద్దు.

సముద్రరాజు గుడి

ఈ ఆటని తిట్టేవాళ్ళందరూ తిట్టేది ఇక్కడే. మెర్కే దీవిలోని ఈ గుడికి కథలో మళ్ళీ మళ్ళీ రావాలి, ప్రతిసారీ ఇంకాస్త లోతుకి దిగాలి. లోపలి గాలి విషం. ఫాంటమ్ అవర్‌గ్లాస్ అనే ఇసుక గడియారంలో ఇసుక ఉన్నంతసేపే ప్రాణానికి రక్షణ, అయిపోతే గుండెలు ఒక్కొక్కటే కరిగిపోతాయి. ఫాంటమ్ అనే కవచాల కాపలావాళ్ళు తిరుగుతుంటారు. చివర్లో ఫాంటమ్ కత్తి వచ్చేదాకా మన కత్తి వాళ్ళని ఏమీ చేయలేదు. తిట్టడంలో న్యాయం లేకపోలేదు గానీ, దీన్ని పోరాటంగా కాకుండా దారి లెక్కగా చూస్తే ఆటలో ఇదే గొప్ప భాగం అని నా అభిప్రాయం.

లోపలికి దిగగానే నేల మీద ఊదారంగు చోట్లు మెరుస్తుంటాయి. అక్కడ నిలబడితే ఫాంటమ్‌లకి కనపడరు, ఇసుక కూడా ఆగిపోతుంది. ఈ రెండో సంగతి పిల్లలకి తట్టదు. మొదటిసారి మా మేనకోడలు అడుగుపెట్టగానే ఒకటే టెన్షన్. "మావయ్యా, ఇసక అయిపోతంది, ఏటి సెయ్యాల?" "ముందు ఆ ఊదారంగులోకి ఎక్కమ్మా. ఇప్పుడు పైన చూడు, వాడు ఎటు తిరుగుతున్నాడు?" పై మ్యాప్‌లో ఫాంటమ్‌లు కనిపిస్తారు. వాడు గోడ మలుపు దాకా పోయి వెనక్కి తిరిగేదాకా ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. తర్వాత మ్యాప్ దించి వాడి దారిని గీతగా గీసింది. అదే కావాల్సింది. అంతస్తులో ఏ ఫాంటమ్ ఎటు తిరుగుతాడో ఒకసారి గీసుకుంటే, మళ్ళీ వచ్చినప్పుడు ఆ గీతలు మీకోసం అక్కడే ఉంటాయి.

కాబట్టి కొత్త అంతస్తులో ఇలా చేయండి. మొదటి ఊదారంగు చోటికి పరుగెత్తి ఆగండి. మ్యాప్ దించి తలుపు, పెట్టెలు, మీటలు, తర్వాతి ఊదారంగు చోటు చూసుకోండి. అక్కణ్ణుంచి ఇక్కడికి ఒక గీత గీయండి. ఫాంటమ్ వీపు తిప్పగానే కదలండి. దారిలో కనిపించిన ప్రతి పసుపు కుండనీ పగలగొట్టండి, కొన్ని సెకన్ల ఇసుక కలిసొస్తుంది. ఎర్ర కుండల్ని మాత్రం కంగారులో పగలగొట్టొద్దు. ఎక్కడ పగిలితే అక్కడ కొత్తగా రక్షణ చోటు ఏర్పడుతుంది. కాబట్టి ఎత్తి మోసుకుపోయి, అసలు చోటే లేని పొడవాటి నడవాలో వేయాలి. మొదటిసారే ఫాంటమ్‌కి దొరికిపోయినా బెంగ వద్దు. మళ్ళీ ఆ అంతస్తు మొదటికి వస్తారు, కొంత ఇసుక పోతుంది, అంతే.

విల్లు వచ్చాక పని తేలిక. ఫాంటమ్ వీపు మీద బాణం వేస్తే కాసేపు కొయ్యబారి నిలబడిపోతాడు. ముందునుంచి వేస్తే దండగ. కొత్త ఆయుధం దొరికిన ప్రతిసారీ పాత అంతస్తుల్లో అడ్డదారులు తెరుచుకుంటాయి. బాంబుతో పగుళ్ళ గోడ, నేల మీద పాకే బాంబ్‌చూతో చిన్న బెజ్జం, గ్రాప్లింగ్ హుక్ అనే తాడు కొక్కెంతో అగాధం. మొదటి రోజు మ్యాప్ మీద వేసుకున్న ఆ అడ్డగీతలు, ప్రశ్నార్థకాలు ఇప్పుడు పనికొస్తాయి. ముందు నాలుగు నిమిషాలు తినేసిన అంతస్తు తర్వాత నిమిషంలోపే దాటొచ్చు.

మధ్యలో ఒక విశ్రాంతి అంతస్తు ఉంటుంది. అక్కడిదాకా ఎంత ఇసుక వాడారో ఆట గుర్తు పెట్టుకుని, తర్వాత రాకలో నేరుగా అక్కడికే చేరుస్తుంది, మిగిలిన ఇసుకతోనే. అందుకే మొదటి సగాన్ని కొత్త అడ్డదారులతో మరోసారి తొందరగా పూర్తి చేస్తే కింది అంతస్తులకి ఎక్కువ సమయం మిగులుతుంది. గడియారంలో ఇసుక గరిష్ఠంగా 25 నిమిషాలు. గుళ్ళ చివర ఉండే పెద్ద శత్రువుల్ని, అంటే బాస్‌లని, గెలిచినా, సముద్రం అడుగు పెట్టెల్లోనూ ఇసుక దొరుకుతుంది. ఓడ భాగాల జోలికి పోకపోయినా ఈ ఇసుక పెట్టెలు మాత్రం వదలొద్దు. ఇంతలో ఎవరైనా భోజనానికి పిలిస్తే మూత మూసేయండి, ఇసుక సహా అంతా ఆగిపోతుంది.

బాస్‌ల గురించి క్లుప్తంగా

నిప్పు గుడిలో బ్లాజ్ మూడు ముక్కలవుతాడు. కొమ్ములు లెక్కపెట్టి ఆ వరసలో బూమరాంగ్ దారి గీసి మూడింటినీ తాకించండి. గాలి గుడిలో సైక్లాక్ ఎత్తులో తిరుగుతుంటుంది. నేల మీద సుడిగాలిలోకి బాంబు విసిరితే అది పైకెగిరి తగులుతుంది. ధైర్యం గుడిలో క్రేక్ నాకు అన్నిటికంటే ఇష్టం. ఆ పీత కంటికి కనపడదు. కానీ పై స్క్రీన్‌లో దాని కళ్ళకి ఏం కనిపిస్తోందో అదే మనకి కనిపిస్తుంది. అంటే మన వీపు మనకే కనిపిస్తే అది వెనక నుంచి వస్తోందన్నమాట. లింక్‌ని తిప్పి, పై స్క్రీన్‌లో అతని ముఖం కనిపించగానే బాణం వదలాలి. రెండు స్క్రీన్‌ల మెషీన్‌లో తప్ప ఇంకెక్కడా ఇలాంటి పోరు కుదరదు.

ఆ తర్వాత మూడు లోహాల కోసం గోరన్ గుడి, మంచు గుడి, ముతో గుడి వస్తాయి. ఈ భాగం కాస్త సాగదీతే. గోరన్ గుడిలో బాంబ్‌చూ దారి మ్యాప్ మీద గీసి పంపే గదులు మాత్రం బాగుంటాయి. మూడు లోహాలూ జావుజ్ అనే కమ్మరికి ఇస్తే ఫాంటమ్ కత్తి వస్తుంది. ఇన్నాళ్ళూ భయపెట్టిన ఫాంటమ్‌ల వెనక నుంచి వెళ్ళి ఒక్క వేటు వేయండి.

ఇద్దరి దగ్గరా డీఎస్‌లుంటే పక్కపక్కన కూర్చుని పోటీ ఆడొచ్చు. ఒకరు లింక్‌గా రత్నాలు మోసుకుపోతుంటే, రెండోవారు మ్యాప్ మీద గీతలు గీసి మూడు ఫాంటమ్‌లని వదులుతారు. నింటెండో ఆన్‌లైన్ సర్వర్ 2014 మేలో ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. కథ ముగించినవాళ్ళు కొత్తవాళ్ళతో ఆడేటప్పుడు ఫాంటమ్‌ల వంతు వస్తే మరీ గట్టిగా ఆడొద్దు. కిటుకులన్నీ మీకు తెలుసు, అవతలివాళ్ళు ఏడుస్తారు.